వెలుగూ – వేడీ: స్టూడియో దీపాల చరిత్ర

తెరమీద పండువెన్నెల కురుస్తూ ఉంటే ప్రేక్షకుల మనస్సు చల్లబడుతుంది. కాని ఆ వెన్నెల పుట్టిన చోట చల్లదనం ఏ కోశానా ఉండదు. స్టూడియో ఫ్లోరులో ఆ దృశ్యాన్ని చిత్రించినవారు వేల వాట్ల దీపాల కింద చెమటతో తడిసి ముద్దయి పనిచేసినవారే. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ చిత్రంలోని వెన్నెల అందానికి ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లేను తెలుగువారు ఈనాటికీ తలచుకుంటారు. ఆ కాలంలో కొయ్య చట్రాల మీద నిలబడి దీపాలను తిప్పిన లైట్‌మెన్ పేర్లు ఎవరికీ తెలియవు. వెలుగు ప్రేక్షకులకు దక్కింది. వేడి వారికి మిగిలింది.

విద్యుచ్ఛక్తి వెలుగునివ్వడమేమిటి, వెంట వేడిని కూడా తీసుకురావడమేమిటి? వెలుగు కావాలంటే వేడిని భరించక తప్పదా? పాఠశాలలో భౌతికశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ కలగవలసిన ప్రశ్న ఇది. దీనికి సమాధానం పాఠ్యపుస్తకంలోనే కాక హైదరాబాదు నగరంలోని జూబిలీహిల్స్, ఫిలింనగర్ స్టూడియోల చరిత్రలో కూడా కనిపిస్తుంది.

సూర్యుడి నుంచి స్విచ్చి వరకు

తొలినాటి చలనచిత్రాలకు సూర్యుడే దీపం. రఘుపతి వెంకయ్యనాయుడు మద్రాసులో స్టూడియో నెలకొల్పినప్పుడు దానికి గాజు పలకలు అమర్చవలసి వచ్చింది. ఆ గాజు గుండా లోపలికి వచ్చే ఎండను తెరలతో చెదరగొట్టి, నీడలు మెత్తబడేటట్టు చేసి చిత్రాలు తీసేవారు. ఆయనా, ఆయన కుమారుడు ప్రకాశ్ కలిసి 1921లో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ ఆ కాలపు మూకీ చిత్రం. మబ్బు పట్టితే పని ఆగిపోయేది. సాయంకాలమయితే అందరూ ఇళ్ళకు పోవలసిందే.

1932లో ‘భక్త ప్రహ్లాద’ విడుదలై తెలుగు తెర మాట్లాడసాగింది. 1936లో నిడమర్తి సూరయ్య రాజమహేంద్రవరంలో దుర్గా సినీటోన్ స్టూడియో స్థాపించాడు. అయినా పరిశ్రమకు చిరకాలం మద్రాసే కేంద్రంగా ఉండిపోయింది. హైదరాబాదులో 1950వ దశకం చివరి సంవత్సరాలలో అమీర్‌పేటలోని సారథీ స్టూడియో పనిచేయసాగింది. 1963లో చల్లగళ్ళ నరసింహారావు చొరవతో జూబిలీహిల్స్ సహకార గృహనిర్మాణ సంఘం ఏర్పడేనాటికి ఆ గుట్టలమీద పెద్ద పెద్ద బండరాళ్ళూ తుప్పలూ తప్ప మరేమీ లేవు. అక్కినేని నాగేశ్వరరావు ఆ రాతినేలమీద 22 ఎకరాలలో అన్నపూర్ణ స్టూడియోను కట్టించగా 1976లో అది ప్రారంభమైంది. 1980వ దశకంలో నటుడు కృష్ణ కుటుంబం పద్మాలయ స్టూడియోను, ఆ దశకం చివర నిర్మాత డి. రామానాయుడు తమ స్టూడియోను నెలకొల్పారు. క్రమంగా ఫిలింనగర్ అన్న పేరే పరిశ్రమకు మారుపేరయింది.

గుట్టమీద స్టూడియో కట్టాలంటే ముందుగా కావలసింది విద్యుత్తు. హైదరాబాదు నగరానికి 1920వ దశకంలోనే హుస్సేన్ సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రం వెలుగునిచ్చేది. 1990వ దశకంలో దానిని తొలగించారు. జూబిలీహిల్స్ స్టూడియోలు పుట్టేనాటికి కొత్తగూడెం వంటి పెద్ద ఉష్ణ విద్యుత్కేంద్రాలూ, కృష్ణానదిమీది జల విద్యుత్కేంద్రాలూ రాష్ట్రానికి విద్యుత్తు పంపుతున్నాయి. ఉష్ణ విద్యుత్కేంద్రంలో బొగ్గు మండి వేడి పుడుతుంది. ఆ వేడి నీటిని ఆవిరి చేస్తుంది. ఆవిరి చక్రాలను తిప్పుతుంది. చక్రాలు విద్యుత్తును పుట్టిస్తాయి. ఆ విద్యుత్తు వందల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చి స్టూడియో దీపంలో తిరిగి వేడిగానే మారుతుంది! ఇందులో ఉన్న చిక్కు తెలియాలంటే కొంత వెనక్కు పోవాలి.

జూల్ కనిపెట్టిన లెక్క

1800 సంవత్సరంలో ఓల్టా అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు బ్యాటరీని నిర్మించినప్పటి నుంచీ, విద్యుత్తు ప్రవహించే సన్నని తీగె వేడెక్కడం అందరూ చూస్తూనే ఉన్నారు. ఆ వేడి ఎంత అన్నది కొలిచి చెప్పినవాడు ఇంగ్లండులోని మాంచెస్టరు నగర ప్రాంతానికి చెందిన జేమ్స్ ప్రెస్కాట్ జూల్. బీరు తయారుచేసే కుటుంబంలో పుట్టిన అతనికి చిన్నతనం నుంచి కొలతల మీద పట్టుదల. నీటిలో తీగె చుట్టను ముంచి, విద్యుత్తు పంపి, నీటి ఉష్ణోగ్రత ఎంత పెరిగిందో సూక్ష్మమైన ఉష్ణమాపకంతో చూశాడు. 1840–41లో అతడు తేల్చిన నియమం ఇది: తీగెలో పుట్టే వేడి ప్రవాహపు వర్గానికీ, తీగె నిరోధానికీ, కాలానికీ అనులోమంగా ఉంటుంది. అంటే ప్రవాహం రెట్టింపు అయితే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. మూడు రెట్లయితే తొమ్మిది రెట్లు.

ఇందుకు కారణం కష్టమైనదేమీ కాదు. లోహంలో ఎలక్ట్రానులు ప్రవహించేటప్పుడు కదలాడే పరమాణువులతో ఢీకొంటాయి. తమ శక్తిలో కొంత వాటికి ఇస్తాయి. పరమాణువుల కదలిక హెచ్చుతుంది. ఆ కదలిక హెచ్చడమే వేడెక్కడం. ప్రవాహానికి కలిగే ఈ అడ్డంకికే నిరోధమని పేరు. దాని కొలత ఓమ్. ప్రవాహానికి కొలత ఆంపియరు. ప్రవాహాన్ని నడిపించే ఒత్తిడివంటిది పొటెన్షియల్ భేదం, దాని కొలత ఓల్టు. ఓల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. వాటు అంటే సెకనుకు ఒక జూల్ శక్తి. 230 ఓల్టుల వద్ద 10 కిలోవాట్ల దీపం వెలిగిస్తే దానిలో సుమారు 43 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తుంది. ఒక ఇంటి ఫ్యాను తీసుకునే ప్రవాహంతో పోలిస్తే ఇది నూరు రెట్లకు పైమాటే.

ఆ తరువాత కొన్ని సంవత్సరాలకు జూల్ మరొక పెద్ద సత్యాన్ని నిరూపించాడు. దిగే బరువు నీటిలో తెడ్లను తిప్పితే నీరు వేడెక్కుతుంది. ఎంత పని చేస్తే ఎంత వేడి పుడుతుందో అతడు కొలిచాడు. వేడి అనేది వస్తువులలో నిండే ఒక ద్రవమని అంతవరకూ నమ్మినవారు ఆ నమ్మకాన్ని వదులుకోవలసి వచ్చింది. వేడి కూడా శక్తియే. శక్తి రూపం మార్చుకుంటుంది కాని నశించదు. స్టూడియో దీపానికి కూడా ఈ న్యాయం తప్పదు.

చాపదీపం – తీగె దీపం

విద్యుత్తుతో బలమైన వెలుగు పుట్టించిన తొలి సాధనం ఆర్క్ దీపం. పందొమ్మిదవ శతాబ్దపు తొలి దశకంలోనే హంఫ్రీ డేవీ రెండు బొగ్గు కడ్డీలను తాకించి, కొంచెం ఎడంగా జరిపి, మధ్య గాలిలో విద్యుత్తును ప్రవహింపజేశాడు. ఆ మంట ధనుస్సులా వంగి ఉంటుంది గనుక దానికి చాపమని పేరు వచ్చింది. కడ్డీల కొసలు మూడువేల డిగ్రీలకు పైగా వేడెక్కి, తెల్లని కాంతిని వెదజల్లుతాయి. సినిమా స్టూడియోలకు ఆ తెలుపు బాగా నచ్చింది. మూకీ కాలపు ఫిలిం ఎరుపు రంగును చూడలేదు. నీలి కాంతినే బాగా గ్రహించేది. ఆర్క్ దీపంలో నీలి కాంతి పుష్కలం.

శబ్దచిత్రాలు రాగానే ఆర్క్‌కు కష్టకాలం వచ్చింది. అది వెలుగుతూ బుసకొడుతుంది, ఈలవేస్తుంది; మైకు ఆ ఈలను కూడా పట్టేస్తుంది. సరిగా ఆ సమయంలోనే అన్ని రంగులనూ గ్రహించే ఫిలిం వాడుకలోకి వచ్చింది. 1928లో హాలీవుడ్‌లో పెద్ద ఎత్తున పరీక్షలు జరిపి, చప్పుడు చేయని టంగ్‌స్టన్ తీగె దీపాలు చిత్రీకరణకు పనికివస్తాయని నిర్ధారించారు. 1879లో ఎడిసన్ వెలిగించిన బొగ్గు తీగె, 1910 ప్రాంతంలో కూలిడ్జ్ సాగదీయగలిగిన టంగ్‌స్టన్ తీగె, 1913లో లాంగ్‌మ్యూర్ బల్బులో వాయువు నింపి తీగె ఆయుర్దాయం పెంచిన పద్ధతి — ఈ మూడు మెట్లూ ఎక్కిన తరువాతనే అది సాధ్యమైంది.

ఇక రంగుల చిత్రాలు వచ్చేసరికి ఆర్క్ మళ్ళీ తలెత్తింది. తొలినాటి రంగుల ఫిలిం గ్రాహకశక్తి స్వల్పం; దానికి వెలుగు కుప్పలు పోయాలి. అప్పుడు వచ్చినదే ‘బ్రూట్’ అనే మహా ఆర్క్ దీపం. అది 225 ఆంపియర్ల ఏకముఖ ప్రవాహాన్ని తీసుకుంటుంది. 120 ఓల్టుల సరఫరాపై లెక్కిస్తే 27 కిలోవాట్లు. ఆర్క్ వద్ద పనిచేసేది మాత్రం 73 ఓల్టుల ప్రాంతం. మిగిలిన ఓల్టులు ఏమైనట్టు? ప్రవాహాన్ని అదుపులో ఉంచడానికి దీపంతో వరుసగా ఒక నిరోధపు పెట్టెను కలుపుతారు. ఆ పెట్టెలోనే పదివేల వాట్లు వట్టి వేడిగా పోతాయి. ఒక్కొక్క దీపం పక్కన నిలబడి కడ్డీలు అరిగినకొద్దీ సరిచేసే మనిషి రెండు పొయ్యిల మధ్య నిలబడినట్టే.

తీగె దీపం ఎందుకంత వేడి?

టంగ్‌స్టన్ దీపంలో తీగె 3200 కెల్విన్లకు, అంటే సుమారు 2900 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరుతుంది. టంగ్‌స్టన్ కరిగేది 3422 డిగ్రీల వద్ద. ఇంత వేడిని తట్టుకునే లోహం మరొకటి లేదు. అయినా ఆ వేడి సూర్యుడి ముందు చాలదు. సూర్యుడి ఉపరితలం 5800 కెల్విన్ల ప్రాంతం.

వేడెక్కిన ప్రతి వస్తువూ కిరణాలను వెదజల్లుతుంది. కమ్మరి కొలిమిలో ఇనుము మొదట కంటికి తెలియని వేడిని ఇస్తుంది, తరువాత ఎర్రబడుతుంది, ఇంకా కాలితే పసుపు రంగుకు, ఆపై తెలుపుకు వస్తుంది. వీన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1893లో దీనికి లెక్క కట్టాడు. ఉష్ణోగ్రత ఎంత పెరిగితే కిరణాల శిఖరం అంత చిన్న తరంగాల వైపు జరుగుతుంది. సూర్యుడి విషయంలో ఆ శిఖరం సరిగా కంటికి కనిపించే కాంతిలో, అంటే అరమైక్రాను తరంగదైర్ఘ్యం వద్ద పడుతుంది. 3200 కెల్విన్ల తీగెకు మాత్రం అది 0.9 మైక్రానుల వద్ద పడుతుంది. మానవనేత్రం చూడగలిగేది 0.4 నుంచి 0.7 మైక్రానుల వరకే. కనుక దీపం ఇచ్చే కిరణాలలో ఎక్కువ భాగం కంటికి కనపడని పరారుణ కిరణాలే. అవి చర్మానికి మాత్రం వెంటనే తెలుస్తాయి. స్టూడియో తీగె దీపంలో వ్యయమైన విద్యుత్తులో ఇంచుమించు పదోవంతు మాత్రమే కనిపించే కాంతి అవుతుంది.

ఇప్పుడు కొత్తగూడెం బొగ్గుతో లెక్క కలపండి. బొగ్గులోని వేడిలో సుమారు మూడోవంతు విద్యుత్తుగా మారుతుంది. అందులో పదోవంతు వెలుగు. నూరుపాళ్ళ బొగ్గుకు మూడుపాళ్ళ వెలుగు! మిగిలిన తొంభై ఏడు పాళ్ళూ దారిలో వేడిగా పోయాయి.

ఆ మూడుపాళ్ళ వెలుగు మాత్రం ఏమవుతుంది? గోడల మీదా, దుస్తుల మీదా, ముఖాల మీదా పడి, కొంత అటూ ఇటూ పరావర్తనం చెంది, చివరకు అది కూడా వేడి అయిపోతుంది. కెమెరా కంటిలోకి పోయేది లెక్కలోకి రానంత స్వల్పం. కనుక మూసిన ఫ్లోరులో 30 కిలోవాట్ల దీపాలు వెలిగిస్తే, 30 కిలోవాట్ల వేడిపొయ్యి వెలిగించినట్టే.

ఫ్లోరు ఎంత వేడెక్కుతుంది?

తొలి పూర్తి నిడివి తెలుగు రంగుల చిత్రం ‘లవకుశ’ 1963లో విడుదలయింది. ఆ ప్రాంతంలో ప్రపంచమంతటా దొరికే రంగుల ఫిలిం వేగం 25 నుంచి 50 వరకు మాత్రమే ఉండేది. ఫిలిం వేగం అంటే వెలుగును గ్రహించే శక్తికి కొలత. అంకె పెరిగినకొద్దీ తక్కువ వెలుగు చాలుతుంది. సాధారణమైన కటకపు అమరికలో 100 వేగం గల ఫిలింకు సుమారు 1000 లక్సుల వెలుగు కావాలి. 25 వేగం గలదానికి 4000 లక్సులు.

పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల రాజసభ దృశ్యం ఒకటి ఉన్నదనుకోండి. 100 చదరపు మీటర్ల మీద 4000 లక్సులు పరచాలంటే 4 లక్షల ల్యూమెనుల కాంతి అక్కడకు చేరాలి. దీపాల నుంచి వచ్చేదానిలో సగం పక్కలకు పోతుందనుకుంటే 8 లక్షల ల్యూమెనులు. టంగ్‌స్టన్ దీపం వాటుకు 25 ల్యూమెనులు ఇస్తుంది. కాబట్టి 32 కిలోవాట్లు కావాలి.

ఇప్పుడు ఫ్లోరును చూడండి. 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల ఎత్తు. అందులో గాలి 6000 ఘనపు మీటర్లు; బరువు సుమారు 7 టన్నులు. గాలిని కిలోకు ఒక డిగ్రీ వేడిచేయడానికి దాదాపు ఒక కిలోజూల్ కావాలి. 32 కిలోవాట్ల దీపాలు సెకనుకు 32 కిలోజూళ్ళు ఇస్తాయి. గోడలూ నేలా వేడిని పీల్చవనుకుంటే, నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున గాలి వేడెక్కుతుంది; గంటకు పదిహేను డిగ్రీలకు పైగా. నిజానికి గోడలు కొంత పీలుస్తాయి, తలుపులు తెరిచినప్పుడు కొంత బయటికి పోతుంది. అయినా, 40 డిగ్రీల వేసవి పగలు అటువంటి ఫ్లోరులో కిరీటం, భుజకీర్తులు, జరీ దుస్తులు ధరించి నిలబడిన నటుని అవస్థ ఊహించవచ్చు. పైగా శబ్దగ్రహణం జరిగేటప్పుడు ఫ్యాన్లు ఆపివేయాలి!

వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు అన్న పాఠం ఇక్కడ స్పష్టమవుతుంది. దీపపు తీగె ఉష్ణోగ్రత 2900 డిగ్రీలు. కాని తీగె బరువు అతిస్వల్పం, స్విచ్చి ఆపగానే చల్లారుతుంది. ఫ్లోరులోని గాలి ఉష్ణోగ్రత 50 డిగ్రీలే కావచ్చు. అందులో నిండిన వేడి మాత్రం చాలా ఎక్కువ, అది త్వరగా పోదు. ఉష్ణోగ్రత అనేది పరమాణువుల చురుకుదనపు కొలత. ఉష్ణం అనేది ఒకచోటినుంచి మరొకచోటికి చేరే శక్తి.

ఆ వేడిని తీసివేయడానికి వచ్చినవే శీతల యంత్రాలు. వాటి శక్తిని ‘టన్ను’లలో చెబుతారు. ఒక టన్ను మంచుగడ్డ ఇరవైనాలుగు గంటలలో కరుగుతూ పీల్చే వేడికి సమానమైన పని అన్నమాట, మూడున్నర కిలోవాట్లు. పై లెక్కలోని 32 కిలోవాట్లను తోడివేయడానికి తొమ్మిది టన్నుల యంత్రం కావాలి. అదీ విద్యుత్తుతో నడిచేదే. వెలుగు కోసం ఒకసారి, ఆ వెలుగు తెచ్చిన వేడిని పారద్రోలడానికి మరొకసారి చెల్లించాలి.

తీగెలో దాగిన నిప్పు

దీపంలో పుట్టే వేడి కంటికి తెలుస్తుంది. తీగెలో పుట్టే వేడి తెలియదు. అందుకే అది ఎక్కువ ప్రమాదకరం. 10 కిలోవాట్ల దీపానికి యాభై మీటర్ల దూరం నుంచి రాగి కేబుల్ వేశారనుకోండి. పోయే తీగె, వచ్చే తీగె కలిసి నూరు మీటర్లు. దాని కోత 25 చదరపు మిల్లీమీటర్లయితే నిరోధం 0.07 ఓమ్; జూల్ నియమం ప్రకారం కేబుల్ మొత్తంలో పుట్టే వేడి 130 వాట్లు. మీటరుకు వాటున్నర కూడా లేదు. ఎవరికీ తెలియదు. అదే దీపానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల సన్నని తీగె వాడితే నిరోధం పదిరెట్లు. వేడి 1300 వాట్లు. మడతలు వేసి చుట్టగా పడవేసిన తీగె అయితే వేడి బయటికి పోయే దారి లేక, పై తొడుగు మెత్తబడి కరుగుతుంది.

అంతకన్న గడ్డుది వదులు అతుకు. మర గట్టిగా బిగించని చోట, లేదా చిలుము పట్టిన చోట నిరోధం పదోవంతు ఓమ్ ఉంటే చాలు. 43 ఆంపియర్ల ప్రవాహానికి అక్కడ 190 వాట్ల వేడి పుడుతుంది. అది నూరు మీటర్ల పొడవున కాదు, వేలెడంత చోటులో. ఫ్యూజు దానిని గుర్తించదు. ఎందుకంటే ప్రవాహం పెరగలేదు. సెట్టులో చుట్టూ ఉండేవి ప్లైవుడ్, గుడ్డ, ధర్మోకోల్, రంగులు. వాటికి నిప్పు అందడానికి ఎంతసేపు?

ఇది వట్టి ఊహ కాదు. 1989 ఫిబ్రవరిలో మైసూరులోని ప్రీమియర్ స్టూడియోలో ఒక టెలివిజన్ ధారావాహిక చిత్రీకరణ జరుగుతూండగా చెలరేగిన మంటలు పదుల కొద్దీ ప్రాణాలను బలిగొన్నాయి. 2017 నవంబరులో జూబిలీహిల్స్ చేరువలోని అన్నపూర్ణ స్టూడియోలో ఒక సినిమా సెట్టు అగ్నికి ఆహుతి అయింది. అదృష్టవశాత్తూ అక్కడ ప్రాణనష్టం జరగలేదు. ఏ అగ్నిప్రమాదానికైనా ప్రత్యేక కారణం ఏదైతేనేమి, స్టూడియోలో నిప్పుకు కావలసిన సరంజామా అంతా ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. అతుకులను ఎప్పటికప్పుడు చేత్తో తాకి వేడిని పరీక్షించే అలవాటు పాతకాలపు విద్యుత్ కార్మికులలో ఉండేది. ఈనాడు పరారుణ కెమెరాతో దూరం నుంచే చూడవచ్చు. అది చూసేది కూడా జూల్ చెప్పిన వేడినే.

రాతినేలకు చిక్కని భూసంధానం

జూబిలీహిల్స్ గుట్టలు గ్రానైటు రాయి. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. పునాదికి ఇంతకంటె గట్టి నేల ఉండదు. కాని విద్యుత్తుకు ఇదే చిక్కు. ఎండిన గ్రానైటు విద్యుత్తును సులువుగా పోనివ్వదు.

దీపపు లోహపు డొక్కుకు భూమితో సంబంధం ఉండాలి. లోపలి తీగె తొడుగు చీలి డొక్కును తాకితే, ప్రవాహం ఆ దారిన భూమిలోకి పోయి ఫ్యూజును కాల్చివేయాలి. భూసంధానపు నిరోధం 2 ఓములు అయితే 230 ఓల్టులకు నూరు ఆంపియర్లకు పైగా ప్రవహిస్తుంది. 32 ఆంపియర్ల ఫ్యూజు క్షణంలో తెగుతుంది. అదే రాతిలో నిరోధం 50 ఓములు ఉంటే? ప్రవహించేది 4.6 ఆంపియర్లు మాత్రమే. ఫ్యూజు తెగదు. దీపం హాయిగా వెలుగుతూనే ఉంటుంది. దాని డొక్కు మాత్రం మృత్యువులా కాచుకుని ఉంటుంది. వాన సన్నివేశంలో తడిసిన మనిషి శరీర నిరోధం వెయ్యి ఓముల ప్రాంతానికి దిగవచ్చు. అతడు తాకితే 0.23 ఆంపియరు శరీరం గుండా పోతుంది. గుండె లయ తప్పడానికి అంతకన్న చాలా తక్కువ చాలు.

అందుకే రాతినేలలో లోతుగా గొయ్యి తవ్వి, లోహపు గొట్టమో పలకో దించి, చుట్టూ ఉప్పూ బొగ్గూ నింపి, నీళ్ళు పోస్తూ ఉండాలి. ఉప్పు నీటిలో కరిగి అయానులుగా విడిపోయి విద్యుత్తుకు దారి ఇస్తుంది. బొగ్గు తడిని నిలుపుతుంది. వేసవిలో గొయ్యికి నీళ్ళు పోయకపోవడం చిన్న అశ్రద్ధ కాదు. దీనికి తోడు, పోయే ప్రవాహానికీ తిరిగి వచ్చే ప్రవాహానికీ 30 మిల్లీ ఆంపియర్ల తేడా కనిపించగానే సరఫరాను తెంచివేసే రక్షక సాధనం నేడు లభిస్తున్నది. ఆరుబయట జనరేటర్ వ్యాన్‌తో చిత్రీకరణ జరిగేచోట కూడా ఇది తప్పనిసరి.

కొత్త దీపాలు

వేడిని తగ్గించి వెలుగును పెంచే ప్రయత్నం ఎన్నడూ ఆగలేదు. 1959లో హాలొజన్ దీపం వచ్చింది. మామూలు బల్బులో తీగె నుంచి టంగ్‌స్టన్ ఆవిరై గాజుకు అంటుకుని దానిని నల్లబరుస్తుంది. హాలొజన్ దీపంలో అయొడిన్ వంటి మూలకం ఆ ఆవిరితో కలిసి, దానిని తిరిగి తీగె మీదకే చేరుస్తుంది. దీని గొట్టం క్వార్ట్జ్‌తో చేసినది. దానిని వట్టి చేతితో తాకకూడదు; చెమటలోని ఉప్పు అంటినచోట వేడికి క్వార్ట్జ్ చెడి గొట్టం పగులుతుంది.

ఆ తరువాత జర్మనీలో లోహ హాలైడు దీపం రూపొందింది. 1970వ దశకంలో అది స్టూడియోలకు చేరింది. ఇందులో తీగె లేదు. పాదరసపు ఆవిరిలోనూ, అరుదైన మృత్తిక లోహాల లవణాలలోనూ చాపం వెలుగుతుంది. ఆ పరమాణువులు తమకు ప్రత్యేకమైన రంగుల కాంతినే వెదజల్లుతాయి గనుక పరారుణం వృథా తగ్గుతుంది. వాటుకు 90 ల్యూమెనుల ప్రాంతం; పైగా పగటి వెలుగువంటి తెలుపు. టంగ్‌స్టన్ దీపానికి పగటి రంగు రావాలంటే నీలి కాగితం అడ్డం పెట్టి సగానికి పైగా వెలుగును పారవేయవలసి వచ్చేది.

చివరకు ఎల్.ఇ.డి. వచ్చింది. ఇందులో వేడెక్కడమనే మజిలీయే లేదు. అర్ధవాహకపు సంధిలో ఎలక్ట్రాను ఒక శక్తి స్థాయి నుంచి కిందికి దిగేటప్పుడు నేరుగా కాంతి వెలువడుతుంది. నీలి ఎల్.ఇ.డి.ని సాధించిన జపాను శాస్త్రజ్ఞులు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి లభించింది. దీనిని ‘చల్లని దీపం’ అంటారు కాని అది పూర్తి నిజం కాదు. ఎల్.ఇ.డి. కూడా వేడెక్కుతుంది. కాని ఆ వేడి కాంతి వెంట ముందుకు రాక, వెనుక ఉన్న లోహపు రెక్కలలోకి పోతుంది. నటుని ముఖానికి వెలుగు మాత్రమే చేరుతుంది.

దీపాలతోపాటు ఫిలిం కూడా మారింది. 1952లో 25గా ఉన్న ఈస్ట్‌మన్ రంగుల ఫిలిం వేగం 1968కి 100, 1983కి 400, దశకం చివరకు 500 అయింది. 2010 తరువాత విరివిగా వచ్చిన డిజిటల్ కెమెరాలు 800 వేగంతో పనిచేస్తాయి. పైన చెప్పిన రాజసభ లెక్కను ఇప్పుడు తిరిగి వేయండి. 4000 లక్సులకు బదులు 125 చాలు. అంటే ముప్పై రెండోవంతు. ల్యూమెనులు వాటుకు 25కు బదులు 100. అంటే నాలుగోవంతు విద్యుత్తు. 32 కిలోవాట్లను 128తో భాగిస్తే వచ్చేది 250 వాట్లు! ఇంటి మిక్సీ తినే విద్యుత్తుకంటె తక్కువ. నిజమైన చిత్రీకరణలో నేటికీ ఇంతకన్న ఎన్నో రెట్లు దీపాలు వాడతారు. కిటికీ వెలుపలి ఎండతో పోటీపడాలి, లోతు చూపాలి, నీడలను మలచాలి. పెద్ద దృశ్యాలకు హాలొజన్, లోహ హాలైడు దీపాలు ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. అయినా మార్పు ఏ దిక్కుకు నడిచిందో ఈ అంకె చెబుతుంది.

జూల్ నియమం మాత్రం మారలేదు. విద్యుత్తు ఉన్నచోట వేడి ఉండే తీరుతుంది. ఆ వేడి ఎక్కడ పుట్టాలో, ఎటు పోవాలో నిర్ణయించడమే మానవుడు నేర్చిన విద్య. ఒకనాడు నటుల ముఖాల మీదా, లైట్‌మెన్ వీపుల మీదా పడిన వేడి ఈనాడు అల్యూమినియం రెక్కలలోకి మళ్ళింది. కాని దీపం వాట్లు తగ్గాయన్న ధీమాతో అతుకు వదులుగా వదిలినా, గుట్టమీది భూసంధానపు గొయ్యి ఎండిపోనిచ్చినా పాత ప్రమాదం పాతదిగానే ఉంటుంది. జూబిలీహిల్స్‌లో ఒక లైట్‌మన్ ఫ్లోరులోకి అడుగుపెట్టి, స్విచ్చి వేయబోయే ముందు కేబుల్ మందాన్నీ, మర బిగువునూ, ఎర్త్ తీగెనూ చూసుకుంటే, అతడు ఓమ్‌నూ జూల్‌నూ పరీక్షలో వ్రాసిన విద్యార్థి కంటె బాగా చదువుకున్నట్టే.